సముద్రం పుట్టింటికి వెళ్ళిన నలభై ఒక్క రోజులు

ఎలియానా చిగువాయ్ పొద్దున్నే లేచి చేసే మొదటి పని, రేవు దగ్గర నల్లబల్ల మీద నాలుగు వేళలు రాయడం. రెండు పోట్లవి, రెండు ఆట్లవి. చిలీ దేశపు దక్షిణాన ఉన్న ఆ చిన్న దీవిలో మిగతా రోజంతా ఆ అంకెల వెనకే నడుస్తుంది. గుల్లలు ఏరే ఆడవాళ్ళు బుట్టలెత్తడం, పడవ అటు ఒడ్డుకు బయల్దేరడం, ఆల్చిప్పల కర్మాగారంలో కూత వెయ్యడం అన్నీ వాటిని బట్టే. ఎవరూ ఆమెని రాయమనలేదు. పదహారేళ్ళప్పుడు, సర్కారు అచ్చేసిన పట్టికకీ తమ పాయలో నీళ్ళకీ పదకొండు నిమిషాలు తేడా ఉందని కనిపెట్టి, తనే ఓ బల్ల మోసుకొచ్చి మేకులు కొట్టింది. ఇప్పుడామెకి ఇరవై రెండు.

మార్చి తొమ్మిదిన బల్ల మీద రాయడానికి ఏమీ లేదు. సముద్రం పుట్టింటికి వెళ్ళింది.

దీవికీ అటు ఒడ్డుకీ మధ్య పదమూడు వందల ఎనభై మీటర్ల పాయ రాత్రికి రాత్రి ఖాళీ అయింది. పడవలు బురదలో ఒక పక్కకి ఒరిగి పడుకున్నాయి. దీవిలో ఎవరూ బుగ్గలు నొక్కుకోలేదు. ఆరేళ్ళ కిందట మూడు రోజులు వెళ్ళొచ్చింది. అంతకుముందు ఒకసారి పంతొమ్మిది రోజులు. ఎలియానా అమ్మమ్మ జెనోవేవా పెళ్ళైన కొత్తలో ఒక చలికాలమంతా రానేలేదట. పడవ నడిపేవాడు ఇదే అదనుగా పడవ అడుగుకి తారు పూయడం మొదలెట్టాడు. చర్చిలో ఫాదర్, ప్రయాణంలో ఉన్నవాళ్ళు క్షేమంగా తిరిగిరావాలన్న ప్రార్థనలో సముద్రం పేరు కూడా చేర్చాడు. ఎలియానా బల్ల మీద ‘లేదు’ అని నాలుగుసార్లు రాసి ఇంటికొచ్చింది.

ఇంటికొచ్చాక గుర్తొచ్చింది. ఇల్లు అటు ఒడ్డుకి చేరాల్సింది ఆ నీళ్ళ మీదే.

ఆ దీవుల్లో ఊరు మారితే ఇంటిని వదిలెయ్యరు, వెంట తీసుకుపోతారు. చెక్క ఇల్లు. పునాది రాళ్ళ మీంచి లేపి, కింద రెండు పెద్ద దూలాలు దూర్చి, ఎద్దుల్ని కట్టి లాగుతారు. సముద్రం అడ్డొస్తే పీపాలు కట్టి పోటు మీద తేలుస్తారు, పడవలు ముందుండి లాక్కుపోతాయి. సాయం చేసేవాళ్ళకి కూలి లేదు, తిండే. ఇంటావిడ గడప గడపకీ వెళ్ళి సాయం అడగాలి. అడిగితే కాదనడమన్న మాట లేదు.

ఈ మారడమంతా ఎలియానా నడిపిన వ్యవహారమే. జెనోవేవా స్థలం ఇటు ఒడ్డున చదునుగా, విశాలంగా ఉంటుంది. పక్కనే కర్మాగారం పెట్టుకున్న దోన్ బాల్దోమేరోకి ఆ స్థలం కావాలి. ఆయనకి అటు ఒడ్డున, తారు రోడ్డు పక్కన, ఆస్పత్రికి నాలుగు నిమిషాల దూరంలో ఓ స్థలం ఉంది. ఇది ఆయనకి, అది వీళ్ళకి. ఎలియానా ఓ కాగితం మీద లాభాలు ఒక వరుసలో, నష్టాలు ఒక వరుసలో రాసి అమ్మమ్మకి చూపించింది. లాభాలు పద్నాలుగు, నష్టాలు రెండు. జెనోవేవా కళ్ళద్దాలు పెట్టుకుని ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, “నీ దస్తూరీ బాగుందే” అంది. ఫిబ్రవరిలో నోటరీ ముందు సంతకం చేసింది.

ఒప్పందంలో గడువు స్పష్టంగా ఉంది. మార్చి ముప్ఫై ఒకటి నాటికి ఇల్లు అటు ఒడ్డున కొత్త స్థలంలో దిగాలి. దిగకపోతే ఆ ఇంటి మీద హక్కు కూడా దోన్ బాల్దోమేరోదే.

ధైర్యం తెచ్చుకోవడానికి ఎలియానాకి ఒక్కటే దొరికింది. తొమ్మిదో షరతు.

“ఎవరి చేతుల్లోనూ లేని కారణం వల్ల ఒక పక్షం తన పని చెయ్యలేకపోతే, ఆ కారణం ఉన్నంత కాలం ఆ బాధ్యత ఆగి ఉంటుందట” అని అమ్మమ్మకి చదివి చెప్పింది. “కారణం పోయాక బాధ్యత మళ్ళీ మొదలవుతుంది. గడువులో మిగిలిన రోజులు మిగిలినట్టే ఉంటాయి.”

జెనోవేవా పొయ్యిలో కట్టె ఎగదోస్తోంది. “అంటే ఒప్పందం చచ్చిపోయిందా, నిద్రపోయిందా?”

“నిద్రపోయింది.”

“నిద్రపోతే లేస్తుందిగా.”

“లేస్తుంది. ఎక్కడ ఆగిందో అక్కణ్ణించే నడుస్తుంది. ఇవాళ్టితో కలిపి మనకి ఇరవై మూడు రోజులున్నాయి. సముద్రం వందరోజులు రాకపోయినా, వచ్చిన నాటికి ఆ ఇరవై మూడూ మనవే.”

“మంచిదే. మన బియ్యం డబ్బాలో పురుగు పడకపోతే చాలు” అంది జెనోవేవా. ఎలియానా నిశ్చింతగా పడుకుంది. సముద్రం రేపో ఎల్లుండో వస్తుందిలే అనుకుంది. ఆగిపోవడమన్నది దానంతటదే జరుగుతుందనుకుంది.

పన్నెండో రోజున దోన్ బాల్దోమేరో దారిలో ఎదురయ్యాడు. యాభై ఐదేళ్ళ మనిషి. రబ్బరు బూట్ల మీద కోటు వేసుకు తిరుగుతాడు. “ఏమ్మా, ఎద్దులెప్పుడు?”

“సముద్రం లేదు కదండీ. తొమ్మిదో షరతు.”

“ఓహో. మరి నోటీసేదీ?”

ఎలియానాకి నోటీసు సంగతి తెలియదు. ఇంటికి పరుగెత్తి చూసింది. ఉంది. నోటరీ ముచ్చటైన అక్షరాల్లో రాశాడు: కారణం మొదలైన ఆరు పోట్లలోపు రెండో పక్షానికి రాతపూర్వకంగా తెలపాలి. గబగబా నోటీసు రాసి, ఒప్పందంతో పాటు పట్టుకుని కర్మాగారంలో ఆయన గదికి వెళ్ళేసరికి, అప్పటికే ఆయన లెక్క వేసి పెట్టుకున్నాడు.

“నిన్నటికి పదకొండు రోజులు. రోజుకి రెండు పోట్లు. ఇరవై రెండు” అన్నాడు.

“ఇరవై ఒకటి” అంది ఎలియానా. “పోటుకీ పోటుకీ మధ్య పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు.”

“సరే, ఇరవై ఒకటి. ఆరు దాటలేదంటావా?”

ఎలియానా కిటికీలోంచి బయటికి చూసింది. కర్మాగారం వాళ్ళ ఆల్చిప్పల తాళ్ళు ఎండిన పాయలో జడల్లా వేలాడుతున్నాయి.

“బాల్దోమేరో గారూ, ఇందులో పోట్లు అని రాయించిందెవరు?”

“నేనే. మా కూలీలకి రోజులు చెప్తే తలకెక్కవు, పోట్లు చెప్పాలి. నా కాగితాలన్నీ అలాగే ఉంటాయి.”

“సముద్రం వెళ్ళినప్పట్నించీ ఈ పాయలో ఎన్ని పోట్లు వచ్చాయండీ?”

ఆయన గోడ మీద గడియారాన్ని చూశాడు. దానివల్ల ప్రయోజనం లేదని గ్రహించి నవ్వేశాడు. “నిన్ను చేసుకునేవాడు జాగ్రత్తగా ఉండాలి” అంటూ నోటీసు అందుకుని, తేదీ వేసి సంతకం చేశాడు. “కానీ పిల్లా, సముద్రం వెళ్తూ ఉంటుందని ఈ దీవిలో పసిపిల్లలకి కూడా తెలుసు. తెలిసిన సంగతి సాకెలా అవుతుంది?”

“ఇక్కడ ‘ఎవరి చేతుల్లోనూ లేని’ అని ఉంది. ‘ఎవరికీ తెలియని’ అని లేదు.”

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని ఆ వాక్యాన్ని వేలితో చదివాడు. అలాగే ఉంది. ఆ వేలే ఇంకో వాక్యం కిందికి జరిగింది. “మరి ఇదో? కారణాన్ని దాటడానికి శక్తిమేరకు ప్రయత్నించాలి. నీళ్ళుంటే తేలుస్తారు. నీళ్ళు లేకపోతే అది నేలేగా? మీ తాతలు కొండలెక్కించారు ఇళ్ళని. చెయ్యలేని పనే ఆగుతుంది పిల్లా, చెయ్యగలిగింది ఆగదు. లాగి చూడండి. రాకపోతే అప్పుడు ఆగిందని నేనే రాసిస్తాను.”

ఆయన చెప్పింది న్యాయంగానే ఉంది. అదే బాధ.

మర్నాడు ఎద్దుల యజమాని రెమీహియోని వెంటబెట్టుకుని పాయలోకి దిగింది. ఎద్దుల సంగతి వచ్చేసరికి దీవంతా ఆయన మాటే వింటుంది. నూరు మీటర్లకోసారి ఓ కర్ర బురదలోకి గుచ్చి, ఎంత దిగిందో రాసుకుంది. మొదటి నాలుగు వందల మీటర్లూ ఇసుక, కర్ర వేలెడు దిగింది. ఆరు వందల దగ్గర మోకాలి లోతు. ఎనిమిది వందల దగ్గర కర్ర మొత్తం పోయింది.

“ఇల్లు పదకొండు టన్నులు. దూలాల కింద పడే బరువు పంచుకుంటే…” అని లెక్క మొదలెట్టింది.

“ఎద్దులకి లెక్కలు రావమ్మాయ్” అన్నాడు రెమీహియో. “నిలబడగలవా లేదా, అంతే వాటికి.”

“అయితే లాగొద్దంటావా మామా?”

“లాగాలి. లాగకపోతే నువ్వు ప్రయత్నించలేదంటాడు ఆ పెద్దమనిషి. నేను మాత్రం రెండు జతలు వెనక పెడతాను. కూరుకుపోయిన ఎద్దుని లాగడానికి ఎద్దు కావాలి.”

ఆ సాయంత్రం జెనోవేవా శాలువా కప్పుకుని గడప గడపకీ తిరిగింది. చివరికి దోన్ బాల్దోమేరో గడప ఎక్కింది.

“తమ్ముడూ, ఎల్లుండి మా ఇల్లు జరుపుతున్నాం. సాయానికి రావాలి.”

ఆయన ముఖం చూడాల్సిందే. అడిగాక కాదనడానికి లేదు. “నేనా అక్కా? నేను రెండో పక్షాన్ని కదా!”

“తాడుకి రెండు పక్షాలూ కావాలి. బూట్లు వేసుకురా.”

మార్చి ఇరవై మూడున ఎనిమిది జతల ఎద్దులు, అరవై మంది మనుషులు, ఒక ఇల్లు పాయలోకి దిగాయి. పొయ్యి ఆర్పనివ్వలేదు జెనోవేవా. పొగగొట్టంలోంచి పొగ వస్తుండగానే ఇల్లు కదిలింది. మొదటి నాలుగు వందల మీటర్లూ పెళ్ళి ఊరేగింపులా సాగాయి. ఐదు వందల దగ్గర పాటలు ఆగాయి. ఆరు వందల పది దగ్గర ముందున్న జత పొట్టదాకా దిగబడింది. వెనకే ఇల్లు ఒక్క నిట్టూర్పు విడిచి, దూలాలు కనపడకుండా కూర్చుంది.

ఎద్దుల్ని బయటికి లాగడానికే మధ్యాహ్నం దాటింది. తాడు చివర దోన్ బాల్దోమేరో తొడలదాకా బురదలో ఉన్నాడు. ఒక కాలు పైకొచ్చింది, బూటు రాలేదు.

“ఏమంటారు బాల్దోమేరో గారూ, ఇది నేలేనా?” అని అరిచాడు రెమీహియో. అరవై మందీ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, ఏడవలేక. ఇంటి మెట్టు మీద కూర్చుని, ఎలియానా ఇచ్చిన కాగితం మోకాలి మీద పెట్టుకుని రాసిచ్చాడు: ప్రయత్నించారు, కుదరలేదు. మార్చి తొమ్మిది నుంచి గడువు ఆగింది.

ఆ రోజు నుంచి జెనోవేవా, ఎలియానా పాయ నడిమధ్య కాపురం పెట్టారు. గుమ్మం నుంచి ఇసుకదాకా చెక్కపలకలు పరిచారు. ఇటు ఒడ్డు వాళ్ళు పాలు తెచ్చేవారు, అటు ఒడ్డు వాళ్ళు చుట్టూ తిరిగి గట్టి నేల వెతుక్కుంటూ వచ్చి ఉల్లిపాయలు ఇచ్చి పోయేవారు. జెనోవేవా బంగాళదుంపలు తురిమి, నీరు పిండి, ఆ ముద్దతో మిల్కావో అనే రొట్టెలు కాల్చి అందరికీ పెట్టేది. ఇంటి చుట్టూ ఎప్పుడూ చూడని గుల్లలు, అరచెయ్యంతవి. పొద్దున్నే జెనోవేవా బుట్టా, చిన్న ఇనప పారా పట్టుకుని వంగితే మధ్యాహ్నానికి గానీ నడుమెత్తేది కాదు.

ఎలియానాకి మాత్రం ఏమీ తోచేది కాదు. రాయడానికి పోట్లు లేవు. ఇరవై మూడు రోజులూ ఎక్కడికీ పోకుండా అలాగే ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఆమెకి గడువు లేకుండా పోయింది. ఏం చెయ్యాలో తెలియక అమ్మమ్మని చూస్తూ కూర్చునేది. అలా చూస్తూ చూస్తూ ఓ మధ్యాహ్నం అడిగింది.

“అమ్మమ్మా, అటు ఒడ్డుకి వెళ్ళాక ఆటు వేళకి ఎక్కడికెళ్తావు?”

“ఎక్కడికీ వెళ్ళను.”

“అదేమిటి?”

“అటు ఒడ్డు నిటారు కదే. నీళ్ళు తీస్తే రాయి కనిపిస్తుంది. రాతి మీద గుల్లలు ఉండవు.” జెనోవేవా పార ఇసుకలో గుచ్చి నిలబెట్టింది. “ఇటు ఒడ్డున ఏ రాయి పక్కన ఏముందో నా మోకాళ్ళకి తెలుసు. యాభై ఏళ్ళ పని. అటు వెళ్తే టీవీ చూస్తాను.”

“మరి చెప్పలేదేం?”

“నువ్వు అడగలేదు. లెక్క చూపించావు. లెక్క బాగానే ఉంది.”

పద్నాలుగు లాభాలు, రెండు నష్టాలు. ఆ రెండింటిలో కూడా ఇది లేదు. ఎలియానా లోపలికెళ్ళి ఒప్పందం తీసింది, ఎందుకో తనకే తెలియదు. తప్పు ఎక్కడ చేసిందో కాగితంలో దొరుకుతుందనుకుందేమో. తొమ్మిదో షరతు పేజీ అడుగున ముగుస్తుందని ఇన్నాళ్ళూ అనుకుంది. ముద్రల కాగితం మందంగా ఉంటుంది. వెలుతురుకి పట్టుకుంటే వెనక ఇంకో రెండు వరుసలు కనిపించాయి.

‘ఈ విరామం నలభై రోజులు దాటిన పక్షంలో, కారణం ఇంకా కొనసాగుతూ ఉండగా, ఇద్దరిలో ఎవరైనా ఒక ఉత్తరం ద్వారా ఒప్పందాన్ని విడిచిపెట్టవచ్చు. అప్పుడు ఎవరి స్థలం వారిది, ఎవరి ఇల్లు వారిది.’

వేళ్ళ మీద లెక్క పెట్టింది. ఆ రోజు ముప్ఫై మూడు. ఏప్రిల్ పదిహేడుకి నలభై. పద్దెనిమిదిన ఉత్తరం ఇవ్వచ్చు, ఆ లోపల సముద్రం రాకపోతే. వచ్చిందా, ఒప్పందం నిద్ర లేస్తుంది, ఇరవై మూడు రోజుల్లో ఇల్లు అటు ఒడ్డుకి తేలాల్సిందే. అంతవరకూ సముద్రం రావాలని రోజూ గుమ్మంలో నిలబడి చూసిన పిల్ల, ఆ రోజు నుంచి అది రాకూడదని చూడటం మొదలెట్టింది. అమ్మమ్మకి ఆ వాక్యం చదివి వినిపించింది.

“మరి నీ తారు రోడ్డు?” అంది జెనోవేవా.

“రోడ్డెక్కడికీ పోదులే.”

“రోడ్డు సంగతి కాదే. ఎండబెట్టిన నాచు అమ్ముతాను, బళ్ళొస్తాయి అన్నావుగా.”

రెండేళ్ళుగా ఎలియానా ఆ బళ్ళనే కలగంటోంది. “వేరే లెక్క వేసుకుంటాను” అంది. జెనోవేవా పెద్ద గుల్ల ఒకటి తెరిచి ఆమె చేతిలో పెట్టింది.

ముప్ఫై ఆరో రోజున దూరంగా నీళ్ళ చప్పుడు వినిపించింది, చూస్తే వాన. ముప్ఫై ఎనిమిదో రోజున గాలిలో ఉప్పు వాసన తగిలింది. ముప్ఫై తొమ్మిదో రోజున పాయ ముఖద్వారం దగ్గర కొంగలు చేరాయి. “వస్తున్నట్టుంది” అన్నాడు రెమీహియో. ఎలియానా ఆ రాత్రి ఉత్తరం రాసి అమ్మమ్మ చేత సంతకం పెట్టించింది. నలభయ్యో రోజంతా బురద వంక చూస్తూనే ఉంది. బురద అలాగే ఉంది.

నలభై ఒకటో రోజు పొద్దున ఎనిమిది నలభైకి ఉత్తరం దోన్ బాల్దోమేరో బల్ల మీద పెట్టింది.

ఆయన చదివాడు. కాగితం తిప్పి తన ప్రతి వెనక పేజీ చూసుకున్నాడు. ఇది తనకీ కొత్తేనని ముఖం చెప్పింది. “ఒక్క రోజు ఆగమ్మా. రేపో మాపో వచ్చేలా ఉంది.”

“అందుకే ఇవాళ వచ్చాను.”

“మీ అమ్మమ్మ అడిగితే నేను తాడు పట్టుకున్నాను.”

“పట్టుకున్నారు. అది మరిచిపోను. వేళ కూడా వెయ్యండి, తేదీ పక్కన.”

ఆయన గడియారం చూసి వేళ వేశాడు. ఎనిమిది నలభై నాలుగు.

ఎలియానా పలకల మీద సగం దూరం వచ్చేసరికి పాదాలు చల్లబడ్డాయి. అలలేమీ లేవు. పనున్న ఇంట్లోకి చుట్టం అలికిడి లేకుండా వచ్చి కూర్చున్నట్టు నీళ్ళు వచ్చి కూర్చుంటున్నాయి. పిక్కలదాకా, మోకాళ్ళదాకా. గుమ్మంలో జెనోవేవా గరిటెతో నిలబడి ఉంది. చెయ్యందించి పైకి లాగింది. నేల కింద బురద గట్టిగా ఓ ముద్దు పెట్టి ఇంటిని వదిలింది. పీపాలు కట్టకుండానే, పొయ్యి మీద రొట్టె బోర్లా పడకుండానే ఇల్లు తేలింది.

పడవలు కట్టడానికి రెమీహియో మనుషులు ఒడ్డున పరుగులు పెడుతున్నారు. కట్టే అవసరం రాలేదు. ఇల్లు ఓసారి అటు ఒడ్డు వైపు తిరిగి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, నెమ్మదిగా ఇటు తిరిగింది. పోటు నిండే వేళకి పాత స్థలంలో, పునాది రాళ్ళకి నాలుగడుగుల ఇవతల దిగింది. రెమీహియో మొలదాకా నీళ్ళలో నిలబడి సముద్రం వైపు టోపీ తీశాడు.

“ఆ కాగితం వెనక పేజీ నువ్వొక్కదానివే చదివావనుకోకు అమ్మాయ్” అన్నాడు.

మే నెలలో, నీళ్ళు తీసిన ఓ మధ్యాహ్నం, దోన్ బాల్దోమేరో చంకలో లావుపాటి కాగితాల కట్ట పెట్టుకుని వచ్చాడు. కొత్త బూట్లు వేసుకున్నాడు. జెనోవేవా ఉడికించిన గుల్లల పళ్ళెం ముందు పెట్టింది. ఆయన తినకుండా కట్ట విప్పాడు.

“స్పెయిన్‌లో నా ఆల్చిప్పలు కొనేవాళ్ళ ఒప్పందం. నలభై ఒక్క రోజులు సరుకు పంపలేకపోయాను. సముద్రం లేదు మహాప్రభో అంటే, మీ సముద్రం వెళ్తూ ఉంటుందని మీ దీవిలో పసిపిల్లలకి కూడా తెలుసట కదా, తెలిసిన సంగతి సాకెలా అవుతుందని రాశారు.”

రెమీహియో అక్కడే ఉన్నాడు. నవ్వొచ్చి బయటికెళ్ళిపోయాడు.

ఎలియానా నవ్వలేదు. “నోటీసుకి ఎన్ని పోట్లు?”

“వాళ్ళకి పోట్లేమిటమ్మా. రోజులే. ఏడు.”

“ఇచ్చారా?”

ఆయన పళ్ళెంలోంచి ఓ గుల్ల తీసి, దాన్ని తెరవకుండా వేళ్ళ మధ్య తిప్పాడు. “రేపు వస్తుందిలే అనుకున్నాను” అన్నాడు చిన్నగా. “ప్రతిరోజూ అలాగే అనుకున్నాను.”

“నేనూ అలాగే అనుకున్నాను” అంది ఎలియానా. కిటికీ దగ్గరికి కుర్చీ జరిపి, కట్ట ఆయన చేతుల్లోంచి తీసుకుంది. “తినండి, చల్లారిపోతాయి. మొత్తం చదివేదాకా మాత్రం లేవకండి.”